మక్క కంకిని మెక్సికో తీరున కాల్చుకునే విధానం

వానాకాలపు సాయంత్రాల్లో నెక్లెస్ రోడ్డు మీదా ట్యాంక్‌బండ్ మీదా బొగ్గుల కుంపట్లు వెలుగుతాయి. విసనకర్ర విసురుకు నిప్పురవ్వలు లేస్తుండగా కంకిని తిప్పి తిప్పి కాల్చి, ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో ఒంటినిండా రుద్ది, దాని ఆకులోనే పెట్టి చేతికందించే ఆ పద్ధతిని హైదరాబాదులో పుట్టి పెరిగినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. మెక్సికోలో కూడా వీధి చివర బండి పెట్టుకుని కంకులు అమ్మేవారున్నారు. వారు అమ్మే కంకిని ‘ఎలోతే’ అనీ, అమ్మేవారిని ‘ఎలోతేరో’ అనీ అంటారు. అక్కడి పద్ధతిలోనూ ఉప్పు, కారం, నిమ్మరసం ఉంటాయి గానీ, వాటితోపాటు మయొనైజ్, పులిసిన మీగడ కలిపిన పూత, ఉప్పగా పొడిపొడిగా రాలే చీజ్ వచ్చి చేరతాయి. హైదరాబాదులోని మామూలు ఇంటి వంటగదిలో, చుట్టుపక్కల దొరికే వస్తువులతో దాన్ని ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

మొదటిసారి చేసినప్పుడు నేను స్వీట్‌కార్న్ కంకులు, గుడ్డు లేని మయొనైజ్ సీసా, బిళ్లలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్ కొని తెచ్చి, చదివినది చదివినట్టే చేశాను. గింజ తీపి, మయొనైజ్ తీపి, చీజ్ కరిగి జిగురైపోయింది. రెండు నిమ్మకాయలు పిండినా ఆ తీపి విరగలేదు. ఆ తరువాత ఒక్కో వస్తువు మెక్సికోలో ఏ పని చేస్తుందో తెలుసుకుని, ఆ పని చేయగలిగినది మన దగ్గర ఏముందని వెతుకుతూ వెళ్తే, సూపర్‌మార్కెట్ అరల కన్నా రైతుబజారూ ఇంట్లోని పెరుగు గిన్నే ఎక్కువ అక్కరకు వచ్చాయి. పేరును బట్టి కాక పనిని బట్టి వస్తువును ఎంచుకుంటే ఈ వంటకం మన ఇంట్లో నిజంగా కుదురుతుంది.

కంకి

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. ఆ దేశపు దక్షిణ భాగంలోని బాల్సాస్ నదీ లోయలో, దాదాపు 9,000 ఏళ్ల కిందట, టియోసింటె అనే గడ్డిజాతి మొక్క నుంచి అక్కడి ప్రజలు దీన్ని సాగులోకి తెచ్చుకున్నారు. అంత పాత అనుబంధం కాబట్టే అక్కడ కంకి వయసును బట్టి పేరు మారుతుంది. పీచు మాత్రమే కనిపించే పిందె ‘హిలోతే’, పాలు నిండిన లేత కంకి ‘ఎలోతే’, చేనులోనే ఎండి గట్టిపడినది ‘మసోర్కా’. ఎలోతే అన్న మాట నహువాత్ల్ భాషలోని ‘ఎలోత్ల్’ నుంచి వచ్చింది. అంటే ఆ పేరు మసాలాకు గానీ పూతకు గానీ పెట్టినది కాదు, కంకి దశకు పెట్టినది. మన రైతులు ‘పాలు పోసుకున్న కంకి’ అనేది సరిగ్గా ఆ దశనే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మెక్సికో వీధుల్లో సాధారణంగా వాడేది స్వీట్‌కార్న్ కాదు. పిండి ఎక్కువగా, తీపి తక్కువగా ఉండే మామూలు తెల్ల మొక్కజొన్నను లేతగా ఉండగానే కోసి వాడతారు. టొలూకా లోయలో పండే ‘కాకావాసింత్లే’ అనే వెడల్పాటి తెల్ల గింజల రకానికి ఇందుకు మంచి పేరుంది. స్వీట్‌కార్న్‌తో ఎలోతే చేయడం అమెరికాలో స్థిరపడిన అలవాటు. గింజలోని చక్కెర పిండిగా మారడాన్ని నెమ్మదింపజేసే జన్యు లక్షణం వల్ల స్వీట్‌కార్న్ తియ్యగా, రసంగా ఉంటుంది. కానీ నమిలేటప్పుడు పంటికి తగలవలసిన సాగుడు, కాలినప్పుడు రావలసిన పేలాల వాసన దానిలో తక్కువ. మన బజారులో ‘దేశీ’ అని పిలిచే మామూలు మక్క కంకి గింజ పసుపుగా ఉన్నప్పటికీ నమలడంలోనూ రుచిలోనూ మెక్సికో కంకికే దగ్గర. స్వీట్‌కార్న్ మీద నాకు చిన్నచూపేమీ లేదు. మన రాజేంద్రనగర్‌లోనే మక్క మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగి, ‘మాధురి’, ‘ప్రియ’ వంటి తీపి రకాలు హైదరాబాదు నుంచే వచ్చాయి. ఉడకబెట్టుకుని తినడానికి అవి చక్కనివి. ఉప్పు, పులుపు, కారం, కొవ్వు కలిసి మీద పడే ఈ వంటకానికి మాత్రం తీపి తక్కువ గింజే ఆధారంగా నిలబడుతుంది.

తొలకరికి విత్తిన చేల నుంచి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లేత కంకులు బాగా వస్తాయి. ఎంపిక విషయంలో నాకు ఒకసారి ఎర్రగడ్డ రైతుబజారులో మంచి పాఠమే దొరికింది. అలవాటు కొద్దీ ఆకులు చీల్చి గింజను గిచ్చబోతుంటే, కంకులు అమ్ముతున్న పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి, “ఆకు చీల్చకు బిడ్డా, గాలి తగిల్తే గింజ వాడిపోతది. పైనుంచే బొటనవేలితోని ఒత్తి చూడు, పాలు పోసుకున్న గింజ చేతికే తెలుస్తది” అన్నది. అప్పటి నుంచి నేను అలాగే చూస్తున్నాను. ఆకులు పచ్చగా, కంకికి బిగుతుగా అంటుకుని ఉండాలి. కొన దగ్గరి పీచు గోధుమ రంగుకు తిరిగినా, లోపలి వైపు తడిగా ఉండాలి. మొన దాకా గింజ నిండినట్టు వేలికి తెలియాలి. కాడ కోసిన చోట ఎండిపోయి ఉండకూడదు. ఇంటికి తెచ్చాక ఒక కంకి ఒలిచి గింజను గోటితో నొక్కితే చిక్కటి తెల్లటి పాలు చిమ్మాలి. నీళ్లలా పలుచగా వస్తే ఇంకా పిందె అన్నమాట, పిండి ముద్దలా వస్తే ముదిరినట్టు. కోసిన క్షణం నుంచీ గింజలోని చక్కెర పిండిగా మారుతూనే ఉంటుంది, వేడికి ఆ మార్పు వేగం పెరుగుతుంది. అందుకే కొన్న రోజే కాల్చుకోవాలి. మరునాటికి ఉంచక తప్పకపోతే ఆకులు ఒలవకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.

ముందు రోజు చేయవలసిన రెండు పనులు

నేను చెప్పే కొలతలు నాలుగు కంకులకు సరిపోతాయి. చీజ్, మీగడ అనే రెండింటిని ముందు రోజు రాత్రే మొదలుపెట్టాలి. మిగిలినదంతా గంటలో ముగిసే పని.

మెక్సికోలో వాడేది ‘కొతీహా’ చీజ్. మిచోఆకాన్ రాష్ట్రంలోని కొతీహా అనే ఊరి పేరే దానికి వచ్చింది. ఆవుపాలతో చేసి, బాగా ఉప్పు పట్టించి, నెలల తరబడి ఆరనిస్తే గట్టిపడి, చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది. దాని ముఖ్య లక్షణం వేడికి కరగకపోవడం. కంకి మీద అది ఉప్పులా పనిచేస్తుంది. పంటి కింద విడివిడిగా తగులుతుంది. పిజ్జా మీద వేసే మొజరెల్లా, బిళ్లల చీజ్ ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే, అవి కరిగి సాగుతాయి. మన పనీరు కరగదు గనుక ఆ గుణంలో కొతీహాకు చుట్టమే. దానిలో లేనివి రెండే, ఉప్పు, పొడిదనం. ఆ రెండూ మనం చేర్చవచ్చు.

150 గ్రాముల పనీరును సన్నగా తురిమి, ముప్పాతిక టీస్పూను ఉప్పు, అర టీస్పూను నిమ్మరసం కలిపి, పలుచని నూలు గుడ్డ పరిచిన పళ్లెంలో పలుచగా ఆరబోసి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు పనీరులోని నీటిని బయటికి లాగుతుంది, ఫ్రిజ్‌లోని పొడి గాలి దాన్ని ఆరబెడుతుంది. మరునాడు ఆ తురుమును మందపాటి మూకుడులో, నూనె లేకుండా, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు కదుపుతూ వేయించి, రంగు మారకముందే దింపేయండి. చల్లారాక చేతుల మధ్య నలిపితే రవ్వలా విడిపోతుంది. ఫెటా చీజ్ దొరికితే ఇంత శ్రమ అక్కరలేదు, దాన్ని కాగితం మీద అద్ది తడి తీసి వాడుకోవచ్చు. అయినా పులుపు కాస్త ఎక్కువగా ఉండే ఫెటా కన్నా పాల కమ్మదనం నిలిచిన ఈ పనీరు పొడే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక మీగడ. మెక్సికోలో ‘క్రేమా’ అనేది పాల మీగడను తోడు పెట్టి పులియబెట్టినది. చిక్కగా జారుతూ, లేత పులుపుతో ఉంటుంది. దీనికి బదులుగా క్రీమ్‌లో నిమ్మరసం పిండమని చాలాచోట్ల చెబుతారు. అది అప్పటికప్పుడు విరిగి చిక్కబడుతుందే తప్ప పులిసిన కమ్మదనం రాదు. నిజానికి తోడు పెట్టిన మీగడ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే, చిక్కటి బర్రె పాలు తోడు పెడితే మరునాడు పెరుగు మీద కట్టే మందపాటి మీగడ అదే. వెన్న కోసం దాచిపెట్టే ఆ మీగడే ఈ వంటకంలోని క్రేమా. వారం రోజులుగా గిన్నెలో పోగుచేసినది మాత్రం వద్దు. దానికి ఘాటైన వాసన వస్తుంది. నిన్నటిదో మొన్నటిదో కావాలి. అలా మీగడ కట్టని పాకెట్ పాలు వాడే ఇంట్లో, 100 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్‌లో ఒక టేబుల్‌స్పూను చిక్కటి కమ్మని పెరుగు కలిపి, వంటింట్లో ఎనిమిది గంటల పాటు ఉంచి, చిక్కబడ్డాక ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఎండాకాలంలో ఐదారు గంటలే చాలు. ఎలా చేసినా, వాడబోయే ముందు చెంచాతో నెమ్మదిగా కలిపి నునుపు చేయాలే తప్ప మిక్సీలో తిప్పకూడదు, తిప్పితే వెన్న విడిపోతుంది.

పూత, కారం

మీగడ ఒక్కటే పూస్తే వేడి కంకి మీద కరిగి కిందికి జారిపోతుంది. మయొనైజ్‌లో నూనె సన్నని బిందువులుగా విడిపోయి, గుడ్డు సొనలోనో పాలలోనో ఉన్న పదార్థాల సాయంతో నిలకడగా ఉంటుంది గనుక అది వేడికి అంత తేలికగా జారదు. మీగడను కూడా పట్టి ఉంచుతుంది. అందుకే రెండూ కలిపి వాడతారు. పచ్చి గుడ్లతో ఇంట్లో మయొనైజ్ చేయడం మన వాతావరణంలో మంచిది కాదు. పచ్చి గుడ్ల మయొనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించిన సంగతి హైదరాబాదు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గుడ్డు లేకుండా పాలతో చేసుకునేది తేలిక, భద్రం, పైగా తీపి ఉండదు. ఎత్తైన గ్లాసులో 60 మిల్లీలీటర్ల చల్లని పాలు, అర టీస్పూను ఆవపొడి, చిటికెడు ఉప్పు వేసి, వాటి మీద 120 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె పోసి, హ్యాండ్ బ్లెండర్‌ను అడుగుకు ఆనించి కదపకుండా తిప్పాలి. అడుగున తెల్లగా చిక్కబడటం మొదలయ్యాకనే బ్లెండర్‌ను మెల్లగా పైకి తేవాలి. చివర ఒక టీస్పూను నిమ్మరసం కలిపితే మరింత గట్టిపడుతుంది. సీసాలో కొన్నదే వాడదలిస్తే, చక్కెర ఎంత ఉందో లేబుల్ మీద చూసి, తక్కువ ఉన్నది ఎంచుకోండి.

నాలుగు టేబుల్‌స్పూన్ల మీగడ, మూడు టేబుల్‌స్పూన్ల మయొనైజ్, సన్నగా తురిమిన చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి కలిపితే పూత సిద్ధమవుతుంది. దీనిలో ఉప్పు వేయవద్దు. చీజ్‌లో కావలసినంత ఉంది. చెంచా ఎత్తితే ధారగా కాక, ముద్దగా జారాలి. పలుచగా అనిపిస్తే అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది.

కారం విషయంలో తొందరపడవద్దని నా విన్నపం. మెక్సికోలో కంకి మీద చల్లే మిరపపొడి చాలాసార్లు మంట కన్నా రుచి కోసమే. పండిన పొబ్లానో మిరపను ఎండబెడితే వచ్చే ‘ఆంచో’ ముదురు ఎరుపుగా, ఎండుద్రాక్ష లాంటి లేత తీపితో, తక్కువ మంటతో ఉంటుంది. దాని స్థానంలో మన గుంటూరు కారం అంతే మోతాదులో వేస్తే నాలుక మండటం తప్ప మరేదీ తెలియదు. మనకు దగ్గరలోనే వరంగల్ చపాటా మిరప ఉంది. టమాటాలా బొద్దుగా, దళసరి కండతో, గాఢమైన ఎరుపుతో, తక్కువ మంటతో ఉండే ఈ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. పచ్చళ్లు పెట్టేవారికి ఇది బాగా తెలుసు. ఎండు చపాటా కాయలు ఐదారు తీసుకుని, గింజలు దులిపి, పొడి మూకుడులో అర నిమిషం మాత్రం వేడి చేసి, చల్లారాక పొడి కొట్టుకుంటే ఆంచో చేసే పనే చేస్తుంది. చపాటా దొరకకపోతే బ్యాడిగీ గానీ కాశ్మీరీ గానీ తీసుకోండి. మంట కావాలనుకునేవారు పావు వంతు గుంటూరు కారం కలుపుకోవచ్చు. మిరప, ఉప్పు, ఎండిన నిమ్మ కలిసిన పొడులు మెక్సికోలో సీసాల్లో దొరుకుతాయి. ‘తహీన్’ అనేది వాటిలో ప్రసిద్ధమైనది. మనం నిమ్మ తొక్క పచ్చటి భాగాన్ని సన్నగా తురిమి, ఎండలో ఆరబెట్టి, ఆ పొడిని చిటికెడు మిరపపొడిలో కలిపితే దాని ఛాయ వస్తుంది.

చాట్ మసాలా చల్లాలని చాలామందికి అనిపిస్తుంది. నల్ల ఉప్పు వాసన పాల వాసనను పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి నేను వద్దంటాను. మెక్సికన్ మసాలా పేరుతో అమ్మే పొట్లాల్లో జీలకర్ర, ఎండు ఉల్లి, వెల్లుల్లి కలిసి ఉంటాయి. అవీ కంకికి అక్కరలేదు. నిమ్మకాయ, కొత్తిమీర మాత్రం ఏ మార్పూ లేకుండా మనవే వాడవచ్చు. మెక్సికోలో ‘లిమోన్’ అని పిలిచే చిన్న పచ్చ కాయ మన పలుచని తొక్క నిమ్మ జాతిదే. ఆసియా నుంచి అరబ్బుల ద్వారా, తరువాత స్పెయిన్ వారి ద్వారా అక్కడికి చేరింది. మిరపకాయ అటు నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది.

కాల్చడం

మామూలు మక్క కంకిని నేరుగా నిప్పు మీద పెడితే పైన మాడేలోగా లోపల ఉడకదని కొందరి ఫిర్యాదు. నిజంగా లేత కంకి అయితే ఆ భయం లేదు. కాస్త ముదురు అనిపిస్తే మాత్రం ముందుగా ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, లేదా కుక్కర్‌లో రెండు విజిళ్లు రానిచ్చి, బయటికి తీసి, గుడ్డతో తుడిచి, పావుగంట గాలికి ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టడాన్ని చాలామంది వదిలేస్తారు. గింజ మీద తడి ఉన్నంతసేపూ సెగ ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, గింజ ఎర్రబడదు. స్వీట్‌కార్న్‌ను ఉడకబెట్టవలసిన పనే లేదు.

ఆకులు ఒలిచేటప్పుడు తెంపి పారేయకుండా, కాడ వైపుకు వెనక్కి మడిచి, వాటిలోని ఒక ఆకునే తాడులా చీల్చి కట్టేస్తే అది పట్టుకోవడానికి పిడి అవుతుంది. పీచును మాత్రం పూర్తిగా తీసేయాలి. తడి గుడ్డతో మొన నుంచి మొదలు వైపు తుడిస్తే గింజల వరుసల మధ్య చిక్కుకున్న పోగులు కూడా వస్తాయి. ఆకులతో సహా నానబెట్టి నిప్పుల మీద పెట్టే పద్ధతీ ఉంది గానీ, అలా చేస్తే కంకి లోపల ఆవిరికి ఉడుకుతుందే తప్ప కాలదు. ఆ కాలిన వాసన కోసమే కదా ఇంత ఏర్పాటు.

బొగ్గుల మీద కాల్చడమే అన్నిటి కన్నా మేలు. కుంపటిలో బొగ్గులు రాజేశాక, మంటలు అణగి, బొగ్గుల మీద పలుచని తెల్ల బూడిద పొర కట్టేదాకా ఆగండి. దీనికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మంట మీద కాలిన కంకి మసి వాసన వేస్తుంది, నిప్పుల మీద కాలినది పేలాల వాసన వేస్తుంది. నిప్పులకు నాలుగు వేళ్ల ఎత్తున జాలీ అమర్చి, దాని మీద కంకులు పెట్టి, రెండేసి నిమిషాలకు పావు వంతు చొప్పున తిప్పుతూ, పది పన్నెండు నిమిషాలు కాల్చాలి. మన కంకుల బండి దగ్గర విసనకర్ర ఆగకుండా ఆడటానికి కారణం అమ్మకం తొందర. ఇంట్లో ఆ తొందర లేదు కాబట్టి విసరడం తగ్గించి సెగను నిదానంగా ఉంచితే గింజ లోపలి దాకా మెత్తబడుతుంది. అన్ని వైపులా ఒకే రంగు రావాలని చూడవద్దు. కొన్ని గింజలు నల్లబడాలి, కొన్ని బంగారు రంగులో ఉండాలి, కొన్ని పసుపుగానే మిగలాలి. చిటపటమని పేలే శబ్దం వినబడుతుంటే సెగ సరిగా ఉన్నట్టు.

బొగ్గులను గది లోపల గానీ, తలుపులు మూసిన బాల్కనీలో గానీ ఎన్నడూ రాజేయకూడదు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది ప్రాణాంతకం. మేడ మీది ఖాళీ స్థలంలో, అపార్ట్‌మెంటు వారి అనుమతితో, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని చేయండి. పిల్లలను కుంపటికి దూరంగా కూర్చోబెట్టాలి, ఎందుకంటే పేలిన గింజ ఒక్కోసారి గజం దూరం ఎగురుతుంది.

బొగ్గులు కుదరనివారికి గ్యాస్ పొయ్యి ఉంది. పుల్కాలు కాల్చే జాలీని మధ్యరకం మంట మీద పెట్టి, దానిపై కంకిని ఒక నిమిషానికోసారి తిప్పుతూ ఎనిమిది నుంచి పది నిమిషాలు కాల్చాలి. మంట నాలుకలు కంకికి అందకుండా చూసుకోవాలి. ఇనుప పెనం మీద చేయాలంటే ముందు పెనాన్ని బాగా వేడెక్కించి, కంకికి చుక్క పల్లీ నూనె రాసి, పైన గిన్నె బోర్లించి ఐదు నిమిషాలు, గిన్నె తీసేసి మరో ఆరేడు నిమిషాలు దొర్లిస్తూ కాల్చాలి. వెన్న రాయాలనుకునేవారు కాల్చిన తరువాతే రాయాలి, ముందే రాస్తే మాడి చేదెక్కుతుంది.

పూతలు పూసే వరుస

మన కంకికి నిమ్మచెక్క మొదట తగులుతుంది, ఆ తడికే ఉప్పూ కారం అంటుకుంటాయి. ఎలోతేలో ఆ పని మీగడ పూత చేస్తుంది కాబట్టి నిమ్మరసం చివరికి వెళ్తుంది. ముందే పిండితే గింజ తడిసి పూత జారిపోతుంది. ఈ వరుస చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీన్ని తారుమారు చేస్తే పళ్లెంలో మీగడ మడుగు, చేతిలో ఉట్టి కంకి మిగులుతాయి.

నిప్పుల మీద నుంచి తీసిన కంకిని ఒక్క నిమిషం ఆరనివ్వండి. గింజ మీద ఆవిరి తగ్గి, చేత్తో తాకితే వేడిగా ఉన్నా కాలకుండా ఉండాలి. వెడల్పాటి చెంచా వెనుక వైపుతో గానీ, వంటింటి బ్రష్‌తో గానీ పూతను గింజల వరుసల సందుల్లోకి దిగేలా పలుచగా రాయండి. ఒక్కో కంకికి ఒకటిన్నర టేబుల్‌స్పూను చాలు. వెంటనే పనీరు పొడి పరిచిన పళ్లెంలో కంకిని దొర్లించి, అంటుకోని చోట్ల చేత్తో అద్దండి. ఆ పైన మిరపపొడిని ఎత్తు నుంచి వేళ్లతో చల్లాలి. దగ్గర నుంచి చల్లితే ఒకేచోట పడి ముద్దవుతుంది. తరిగిన కొత్తిమీర కాస్త చల్లి, తినబోయే క్షణంలో అర నిమ్మచెక్కను కంకి పొడవునా పిండండి. మొదటి కంకి రుచి చూశాక మిగిలినవాటికి ఉప్పు, కారం సవరించుకోండి. స్వీట్‌కార్న్‌తో చేస్తున్నవారు మయొనైజ్‌ను సగానికి తగ్గించి, నిమ్మరసం, మిరపపొడి పెంచాలి.

కంకిని కొరుక్కుని తినలేని పెద్దవారి కోసం మెక్సికోలోనే మరో రూపం ఉంది. దాన్ని ‘ఎస్కీతెస్’ అంటారు, గింజలను కప్పులో వేసి చెంచాతో తింటారు. కాల్చిన కంకిని వెడల్పాటి గిన్నెలో నిలువుగా నిలబెట్టి, పై నుంచి కిందికి చాకుతో గింజలు కోయండి. బెండు దాకా లోతుగా కోస్తే గట్టి పొట్టు వస్తుంది. మూకుడులో టేబుల్‌స్పూను వెన్న కరిగించి, చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి, ఈ గింజలు వేసి రెండు నిమిషాలు కలిపి, నాలుగు చెంచాల వేడి నీళ్లు పోసి మగ్గనిచ్చి, ఆ కొద్దిపాటి రసంతోనే కప్పుల్లోకి తీసి, పైన పూత, చీజ్, మిరపపొడి, నిమ్మరసం అదే వరుసలో వేయాలి. మెక్సికోలో దీనిలో ‘ఎపసోతే’ అనే ఘాటైన ఆకు కూడా పడుతుంది. మన వంటింట్లో దానికి సరైన జోడీ లేదు. వాము ఆకు వంటివి వేస్తే రుచి దారి తప్పుతుంది కాబట్టి కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేయడమే నయం. మా ఇంట్లో మా అత్తయ్యగారికి కంకి కన్నా ఈ కప్పే ఇష్టం.

పూత పూసిన కంకి నిలవ ఉండదు; పావుగంట దాటితే చీజ్ తడిసి ముద్దవుతుంది. కాబట్టి ఎన్ని తినగలరో అన్నిటికే పూయండి. మిగిలిన పూతను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో, పనీరు పొడిని నాలుగు రోజుల్లో వాడేయాలి. ఎస్కీతెస్ కోసం గింజలు కోసేసిన బెండ్లను పారేయకుండా, లీటరు నీళ్లలో అరగంట మరిగించి వడకడితే లేత తీపి ఉన్న రసం దిగుతుంది; మరునాటి కూరగాయల సూపుకు నీళ్లకు బదులు దాన్ని పోసుకోవచ్చు.